వెంకటశేషమ్మ బండికి కొత్త చక్రాలు

వెంకటశేషమ్మ ఎవరినీ ఊరికే నమ్మదు. అల్లూరు సంతలో వంకాయలు కొనేటప్పుడు ఒక కాయను గిల్లి చూసి, అది లేతగా ఉంటే దాన్ని వదిలేసి పక్క గుట్టలోది తీసుకుంటుంది. గిల్లేవాళ్ళకు అందేట్టు మంచికాయను కావాలనే ముందు పెట్టి ఉంటారని ఆమె అనుమానం. పెళ్ళయిన కొత్తలో మొగుడు వెంకయ్య ముచ్చటపడి సినిమా టిక్కెట్లు తెస్తే, అవి ఆ రోజువేనా కాదా అని వెలుతురుకు పట్టి చూసిన మనిషి. వెంకయ్య ఇప్పటికీ ఆ సంగతి చెప్పుకుని నవ్వుతాడు. ఆమె నవ్వదు. ఆ టిక్కెట్ల మీద తేదీ సరిగ్గా కనపడలేదనే అంటుంది.

అలాంటి మనిషికి రొయ్యల సాగు తగులుకుంది. సముద్రం పక్కనున్న వాళ్ళ మడిచెక్క ఉప్పెక్కి వడ్లు పండడం మానేస్తే, ఊరందరితో పాటు వాళ్ళూ గుంట తవ్వించారు. రొయ్యల గుంట దగ్గర నమ్మదగింది ఒక్కటీ ఉండదు. గుంటలో వదిలే పిల్లరొయ్యల సీడును అనుమానించాలి, మేతను అనుమానించాలి, కాలవలో వచ్చే నీళ్ళను, తూర్పున పట్టే మబ్బును కూడా అనుమానించాలి. వెంకటశేషమ్మకు ఇంతకంటే కుదిరిన పని ఇంకొకటి లేదు. మేత బస్తా విప్పితే ముందు వాసన చూస్తుంది, తర్వాత నాలుక మీద వేసుకుంటుంది, ఆ తర్వాతే రొయ్యలకు. గట్టు మొదట్లో పసుపుపచ్చ ప్లాస్టిక్ తొట్టి పెట్టి అందులో బ్లీచింగ్ కలిపి ఉంచుతుంది. కన్నతల్లి వచ్చినా సరే, అందులో కాళ్ళు ముంచి గుంట మీదికి రావాల్సిందే.

ఇన్ని జాగ్రత్తలూ మనుషులకు చెప్పగలం గానీ పిట్టలకు చెప్పలేం కదా. ఎక్కడో తెల్లమచ్చ జబ్బు తగిలిన గుంటలో చచ్చిన రొయ్యను ఒక కాకి ముక్కున కరుచుకొచ్చి మన గుంటలో జారవిడిచిందంటే, ఇక ఆ పంట మీద ఆశ వదులుకోవాలి. నీటికాకులూ కొంగలూ సరేసరి. గుంట మీద అడ్డంగా దారాలు కట్టారు. మెరుపు రిబ్బన్లు వేలాడదీశారు. వెంకయ్య పళ్ళెం పట్టుకుని భుజాలు పడిపోయేదాకా వాయించాడు. పిట్టలకు కొన్నాళ్ళు భయం వేసింది, తర్వాత అలవాటైపోయింది. చివరికి ఒక కొంగ వచ్చి ఆ రిబ్బను కట్టిన కర్ర మీదే కూర్చునేది.

ఆ రోజుల్లోనే వెంకటశేషమ్మ అల్లూరు బజారులో సైఫుల్లా అంగడి ముందు ఆగింది. సైఫుల్లా సెల్‌ఫోన్లు బాగు చేస్తాడు, పిల్లల బొమ్మలూ అమ్ముతాడు. ఆ రోజు రిమోటు పట్టుకుని ఒక రాకాసిబండిని రోడ్డు మీద పరుగెత్తిస్తున్నాడు. ఒంటికి మించిన చక్రాలు, పైన నల్లటి లారీ బాడీ. అది గుంతలు దూకుతూ, చుట్టూ చక్కర్లు కొడుతూ, కందిరీగలా రొద చేస్తోంది. బజారంతా నిలబడి బండిని చూస్తోంది. వెంకటశేషమ్మ మాత్రం తలెత్తి కరెంటు తీగను చూస్తోంది. అప్పటిదాకా దాని మీద బారుగా కూర్చున్న కాకులు లేచిపోయాయి. ఎంతసేపు చూసినా తిరిగి రాలేదు. అది చూసుకునే ఆమె బండి కొనింది.

అప్పటి నుంచి రోజూ గట్టు మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆమే బండి తోలుతుంది. వెంకయ్య ఒకసారి అడిగి తీసుకుని తిన్నగా గుంటలోకే తోలాడు. కావాలనే తోలాడా అన్నది ఆమె మనసులో ఇంకా తేలలేదు. గుంటకు ఉత్తరం పక్క గట్టు ఉమ్మడిది. అవతల కిషోర్ బాబు గుంట. బండి తన గట్టు మీద ఒక చుట్టు తిరిగి, కిషోర్ బాబు గట్టు మీదకూ పోయి వస్తేనే పిట్టలు ఆ చుట్టుపక్కల వాలవు. అందుకని అటు కూడా పంపుతుంది. పంపినా, అటు నుంచి తిరిగి రాగానే బండిని ఎత్తి చక్రాలను తొట్టిలో ముంచుతుంది. పక్కవాడి గుంటలో ఏముందో ఎవరికి తెలుసు?

మొదటి పంట బాగా వచ్చింది. రెండో పంట వల లాగి రొయ్యలు పట్టే పట్టుబడికి వచ్చే వేళకు చిక్కు మొదలైంది. చక్రాలు ఊడడం మొదలుపెట్టాయి. ఒకరోజు ముందు చక్రం రబ్బరు చట్రం నుంచి విడిపోయి గట్టు కిందికి దొర్లింది. దాన్ని బంకతో అంటిస్తే ఇంకోటి ఊడింది. అదుపు తప్పిన బండి వెళ్ళి, గుంట నీళ్ళకు గాలి కొట్టే ఏరేటరు ఇనుప కమ్మీకి గుద్దుకుని నల్ల బాడీ రెండుగా పగిలింది. బండి మూలపడగానే కాకులు వచ్చి గుంట పక్క కరెంటు తీగ మీద వరస కట్టాయి. దక్షిణం వైపు ఏదో గుంటలో తెల్లమచ్చ కనిపించిందని అప్పటికే ఊళ్ళో చెప్పుకుంటున్నారు. ఇంకొన్నాళ్ళు కాపాడుకుంటే పంట చేతికొస్తుంది. ఈలోగా కాకి నోట్లోంచి ఒక్క రొయ్య జారితే రెక్కల కష్టమంతా బురదపాలు.

ఆమె ముందు అనుమానించింది మొగుణ్ణి. తర్వాత సైఫుల్లాను. మళ్ళీ మళ్ళీ అంగడికి రావాలని నాసిరకం చక్రాలు అంటగట్టాడేమో. ఆ తర్వాత కిషోర్ బాబు మీదికి పోయి, అనుమానం అక్కడ స్థిరపడింది. తన గుంట మీద నుంచి తోలిన పిట్టలు వాడి గుంట మీదికే పోతాయి గదా, ఆ కడుపుమంటతో తాను అన్నానికి పోయినప్పుడు బండిని ఏదో చేస్తున్నాడు. ఈ మాట ఊళ్ళో ఇద్దరు ముగ్గురితో అనేసింది కూడా.

కొత్త చక్రాల కోసం అంగడికి పోయేటప్పుడు ఒక కవరులో తన గట్టు మట్టిని తడిపి తీసుకుపోయింది. సైఫుల్లా మూడు నాలుగు రకాల చక్రాలు బల్ల మీద పెట్టాడు. ఆమె కవరు విప్పి, మట్టిని ఆ బల్ల మీదే పరిచి, ఒక్కొక్క చక్రాన్నీ దొర్లించి చూసింది. పొడుగు ముళ్ళున్న చక్రం ముద్దలు ముద్దలుగా మట్టిని ఎత్తుకుంది. అది పనికిరాదంది. పక్కవాడి మట్టిని కూడా అట్టాగే మోసుకొస్తుంది గదా. ఇసుకలో పోవడానికి రెక్కలు పెట్టిన చక్రం గట్టునే తవ్విపోసేట్టు ఉంది. నున్నటిది జారిపోయింది. చివరికి అరిసె మీద నువ్వుల్లాగా చిన్న చిన్న బుడిపెలున్న చక్రాలు తీసుకుంది. సైఫుల్లా బల్ల తుడుచుకుంటూ ఒక మాట అడిగాడు.

“అక్కా, చక్రాలు ఊరికే ఊడవు. నీళ్ళల్లో గానీ దించుతుండారా?”

“నీళ్ళా? నీళ్ళ పక్కకే పోనీను నాయనా. నాకా మాత్రం తెలవదా?”

అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు. నిజమేననుకునే చెప్పింది.

తర్వాత బాడీలు. ఎర్రటి మంటలు వేసిన జీపు ఒకటి, పుర్రె బొమ్మ వేసిన లారీ ఒకటి, మిలిటరీ రంగుది ఇంకొకటి. ఆమె అన్నిటినీ తిరగేసి గోటితో గీకింది. రంగు రాలేదు. అదేందని అడిగితే, రంగు లోపలివైపు నుంచి వేస్తారు, పైన గీరుకుపోయినా చెక్కుచెదరదు అన్నాడు సైఫుల్లా.

“దాయాల్సింది ఏదన్నా ఉంటే తప్ప లోపల నించి ఎవురన్నా రంగేస్తారా?” అందామె.

మూలన ఇంకొక బాడీ కనబడింది. రంగే లేనిది. అద్దంలాగా అవతలి గోడ కనిపిస్తోంది. సొంతంగా రంగులు వేసుకునేవాళ్ళ కోసం తెప్పించాడట, దాన్ని అట్టే ఎవరూ కొనరని చెప్పాడు. వెంకటశేషమ్మ దాన్ని ఎత్తి, అందులోంచి సైఫుల్లా మొహాన్ని పరీక్షగా చూసి, అదే కావాలంది.

ఎండలో ఆ అద్దపు బాడీ తళుక్కుమంటుంటే పిట్టలు మునుపటి కంటే దూరం పారిపోయాయి. ఆమెకు కావలసింది ఇంకొకటి కూడా దొరికింది. లోపలి మోటారు, వైర్లు, ఇరుసులు అన్నీ కంటికి కనిపిస్తున్నాయి. ఎవడు వేలు పెట్టినా తెలిసిపోతుంది.

తెలిసిపోయింది కూడా. ఒక మధ్యాహ్నం అన్నం తిని తిరిగి వచ్చేసరికి, గట్టు మీది మేత షెడ్డులో పెట్టిన బండి బాడీకి లోపలివైపు సన్నటి నీటిచుక్కలు. చక్రాలు తాను పెట్టిపోయినప్పటి కంటే శుభ్రంగా ఉన్నాయి. మర్నాడూ అంతే. చక్రాలు పోతే పోనీ, కిషోర్ బాబు బండిని వాడి గుంట నీళ్ళల్లో ముంచి పెడుతున్నాడేమో. వాడి గుంటలో జబ్బు ఉంటే? దాన్ని తన చేత్తో తానే గట్టంతా తిప్పుతున్నట్టు కదా!

మూడో రోజు ఖాళీ క్యారియరు ఊపుకుంటూ అందరికీ కనపడేట్టు ఇంటిదారి పట్టింది. తాటితోపు దాకా పోయి, కాలవ వెంబడి వంగి వంగి వెనక్కి వచ్చి షెడ్డులో మేత బస్తాల వెనక కూర్చుంది. చేపపొడి వాసనకు తుమ్ము వస్తుంటే ముక్కు నలుపుకుంటూ కూర్చుంది.

కిషోర్ బాబు వచ్చాడు. గట్టు మొదట్లో తొట్టిలో కాళ్ళు ముంచాడు. ఎవరూ చూడనప్పుడు కూడా ముంచడం ఆమెకు ఎందుకో నచ్చలేదు. నడుముకు తువ్వాలు, చేతిలో తాగేనీళ్ళ క్యాను. బండిని ఒళ్ళో పెట్టుకుని బాడీ విప్పి కడిగాడు. చక్రాల మీద క్యాను నీళ్ళు పోసి, ఒక్కొక్క చక్రాన్నీ గుప్పిట్లో పిసికి పిసికి నీళ్ళు కార్చాడు. తువ్వాలుతో తుడిచాడు. ఇరుసు దగ్గర నోటితో ఊదాడు.

వెంకటశేషమ్మ లేచి నిలబడింది. కిషోర్ బాబు ఉలిక్కిపడ్డాడు గానీ బండిని కింద పెట్టలేదు.

“ఏం జేస్తుండావబ్బాయా నా బండిని?”

“కడుగుతుండా వదినా.”

“నిన్నెవురు కడగమన్నారు?”

కిషోర్ బాబు ఇంకా నీళ్ళు మిగిలిన చక్రాన్ని ఆమె చేతి మీద పట్టి గట్టిగా పిసికాడు. రబ్బరు పక్కనున్న సన్నటి బెజ్జంలోంచి తెల్లటి నీళ్ళు ఆమె అరచేతిలో కారాయి. ఆమె ముక్కుకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన పని లేదు. బ్లీచింగ్ వాసన. చక్రం లోపల స్పాంజి ఉంటుందని, తొట్టిలో ముంచినప్పుడల్లా అది తాగిన నీళ్ళు తాగినట్టే ఉండిపోతాయని, బరువెక్కిన చక్రం జోరుగా తిరిగితే రబ్బరు ఊడిపోతుందని, బ్లీచింగ్ నీళ్ళే తన ఏరేటరు బేరింగులను కూడా తినేశాయని కిషోర్ బాబు చెప్పుకొచ్చాడు. ఆమె అరచేతినే చూస్తూ వింది. ఆ తొట్టిలోది ఆమెకు ఏనాడూ నీళ్ళుగా తోచలేదు. అది మందు. సైఫుల్లా అడిగినప్పుడు కూడా తొట్టి గుర్తుకే రాలేదు.

అయినా ఒక అనుమానం మిగిలే ఉంది.

“నా బండి బాగుంటే నీకేంది లాభం?”

“నా గట్టు మీద కూడా తిరగతాది గదా. ఇది ఆగితే నా గుంట మీదా వాలతాయి కాకులు. నోరు తెరిచి చెబితే నువ్వు నమ్మవు. నేనే ఇరగ్గొడతుండానని ఊళ్ళో చెప్పినావంట గదా.” చక్రం తుడుస్తూ అన్నాడు. “ఇంకో మాట వదినా. నీ గట్టు మీద తిరిగితే ముంచవు. నా గట్టు తొక్కి రాంగానే ముంచుతావు. ఆడ కూర్చోని రోజూ చూస్తానే ఉండా.”

అప్పుడు వెంకటశేషమ్మ అడగకూడని మాట అడిగింది. చెక్ ట్రే చూపిస్తావా అని. మేత ఎంత తింటున్నాయో చూడడానికి గుంటలో దించే చిన్న వల అది. పంట చివర్లో దాన్ని పరాయివాళ్ళకు ఎవరూ ఎత్తి చూపరు. కిషోర్ బాబు ఆమెను ఎగాదిగా చూశాడు. నీదీ చూపిస్తావా అన్నాడు.

ఆమె వాడి గట్టు మొదట్లో ఆగి, వాడి తొట్టిలో కాళ్ళు ముంచి లోపలికి నడిచింది. చెక్ ట్రే పైకి లేచేసరికి రొయ్యలు టపటపా ఎగిరాయి. ఆమె ఒకదాన్ని పట్టుకుని తల పెంకు ఎండకు పెట్టి చూసింది. మచ్చ లేదు. ఇంకొకటి పట్టుకుంది. అందులోనూ లేదు. కిషోర్ బాబు ఇటు వచ్చి ఆమె రొయ్యలను కూడా అట్లాగే చూశాడు, ఆమె కంటే ఎక్కువ సేపే చూశాడు.

అయినా ముంచడం మానితే మట్టి సంగతేమిటి? దాని మీద ఇద్దరూ గట్టు మీద కూర్చుని చాలాసేపు వాదించుకున్నారు. ఉన్నట్టుండి వెంకటశేషమ్మే అంది, ఒక గుంట వల తీసుకుపోయి ఇంకో గుంటలో ఎవరైనా వేస్తారా అని. వల దేనికది, బక్కెట్టు దేనికది. చక్రాలు మాత్రం ఎందుకు కాకూడదు? మర్నాడు ఇద్దరూ కలిసే సైఫుల్లా అంగడికి పోయారు. ఒకే బండికి రెండు జతలేమిటని సైఫుల్లా ఎంత అడిగినా ఇద్దరూ బయటపడలేదు. కిషోర్ బాబు నువ్వుల చక్రాలే ఏరుకున్నాడు. గట్టుమట్టి వాడూ కవరులో తెచ్చుకున్నాడు.

అప్పటి నుంచి బండి ఉమ్మడి గట్టు దాకా వస్తే, ఆమె చక్రాలు విప్పి కిషోర్ బాబు చక్రాలు బిగించేవాళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ మార్చేవాళ్ళు. కాకులు తీగ వదిలి పోయాయి. దక్షిణం పక్క ఇంకో రెండు గుంటలకు తెల్లమచ్చ పాకినా, ఈ రెండిటికీ రాలేదు.

పట్టుబడి రోజు తెల్లారేసరికి లారీ వచ్చింది. వల లాగేవాళ్ళందరినీ వెంకటశేషమ్మ తొట్టి దగ్గర నిలబెట్టి కాళ్ళు ముంచించింది. రొయ్యలు నిండుగా, మచ్చలేకుండా ఐసు పెట్టెల్లోకి పోయాయి. కిషోర్ బాబు పంట మరుసటి రోజు. అందుకని బండిని వాడి దగ్గరే ఉంచుదామని ఆమె షెడ్డులోంచి వాడి చక్రాలు తీసింది.

తన చక్రాలకు లోపలివైపు కనపడకుండా ఎర్రటి గోళ్ళరంగు చుక్కలు ఆమె చక్రాలు మార్చడం మొదలైన రెండు మూడు రోజులకు పెట్టుకుంది. వాడు మార్చి పెడతాడేమోనని. ఇప్పుడు ఊరికే వాడి చక్రం తిప్పి చూసింది. లోపలివైపు, సరిగ్గా తాను పెట్టిన చోటే, నీలం రంగు చుక్క ఉంది. మిగతావి చూసింది. అన్నిటికీ ఉంది. రంగు అరిగిపోయి ఉంది, తన చుక్కల కంటే పాతది. అంటే చక్రాలు కొన్న రోజే పెట్టి ఉంటాడు.

వెంకటశేషమ్మ ఆ చుక్కను బొటనవేలితో రుద్ది చూసుకుని, చక్రాలు ఒళ్ళో వేసుకుని కిషోర్ బాబు గట్టు వైపు నడిచింది. వాడి మీద ఆమెకు మొదటిసారి కాస్త నమ్మకం కుదిరింది.