ఒకే చిరునామా, పదిహేడు ఉత్తరాలు

1999వ సంవత్సరం. నల్లగొండలోని ఒక చేనేత శిక్షణ కేంద్రంలో నేను కంప్యూటర్ విభాగం బాధ్యుడిని. మా వద్ద ఒకే మెయిల్ సర్వర్ ఉండేది. వచ్చే ఈమెయిళ్లను అందుకొని ఎవరి పెట్టెలో వారికి వేసే యంత్రం అది. కేంద్రానికి సొంత తపాలా కార్యాలయమన్న మాట.

ఆ వేసవిలో స్పామ్ బెడద మొదలైంది. స్పామ్ అంటే అడగకుండా వచ్చిపడే ప్రకటనల ఉత్తరాలు: బట్టతలకు మందు, బరువు తగ్గించే మాత్రలు వంటివి. ఒక్కో పెట్టెకు కేటాయించిన స్థలం రెండు మెగాబైట్లు. అది చెత్తతో నిండితే అసలు ఉత్తరం వెనక్కి పోతుంది. వారం రోజులు లెక్క రాశాను. వచ్చిన ప్రతి పది ఉత్తరాల్లో నాలుగు స్పామే. అవి ఒక్కో చిరునామా నుంచి గంపగుత్తగా వస్తున్నాయని కూడా ఆ లెక్కలోనే తేలింది. అందుకని సర్వర్‌లో ఒక ఫిల్టర్, అంటే జల్లెడ వంటి నియమం, పెట్టాను. ఒక చిరునామా నుంచి గంటలో పది ఉత్తరాలు దాటితే, పదకొండో దాని నుంచి అన్నీ వేరే ఫోల్డర్‌లోకి పోతాయి. ఏడు రోజులకు చెరిగిపోతాయి. స్పామ్ దాదాపు ఆగిపోయింది. మా సంచాలకులు మెచ్చుకున్నారు. నన్ను నేనూ మెచ్చుకున్నాను.

సెప్టెంబరులో ఢిల్లీ చేనేత ప్రదర్శనకు ఈమెయిల్ ద్వారా దరఖాస్తులు పిలిచాము. గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. సోమవారం ఉదయం దరఖాస్తు చేసినవారి పేర్ల జాబితాను గోడకు అతికించాము. దానిని చూడడానికి తిరుమలగిరి నుంచి వచ్చిన నేత కార్మికురాలు అనసూయ నేరుగా నా గదిలోకి వచ్చారు.

"సారు, మా పక్కింటి లక్ష్మమ్మ పేరున్నది, నా పేరు లేదు. ఇద్దరం ఒక్క దినమే రాయించినం."

"ఎవరితో రాయించారమ్మా?"

"ఎస్టీడీ బూత్‌ల కంప్యూటరున్న ఖాజా భాయ్‌తోని. నాలుగు నెలలు నేసిన చీర సారు అది. జాబితా ఇయ్యాల్నే ఢిల్లీకి పోతదంట గదా?"

పన్నెండు గంటలకు ఫ్యాక్స్ చేయవలసి ఉంది. అప్పుడు సమయం పది నలభై.

"మీ ఉత్తరం వచ్చి ఉంటే జాబితాలో పేరు ఉండేదమ్మా" అన్నాను.

"జర చూడుండ్రి సారు. చూస్తే అరిగిపోతదా మీ డబ్బా?"

సర్వర్ లాగ్ తెరిచాను. ప్రతి ఉత్తరం రాకను తేదీతో, సమయంతో నమోదు చేసే పట్టీ అది. గురువారం సాయంత్రం ఆరూ పది మొదలు అరగంటలో, ఒకే చిరునామా నుంచి పదిహేడు ఉత్తరాలు వచ్చాయి. వాటిని తెరిచి చూస్తే, లక్ష్మమ్మది పదోది. అనసూయది పదకొండోది.

బూత్ ఖాజా భాయ్‌కు ఫోన్ చేసి, అన్ని ఉత్తరాలు ఒకేసారి ఎందుకు పంపారని అడిగాను.

"అయ్యో, మా ఊరి ముచ్చట మీకు తెల్వదా సాబ్? అందరికీ నాదొక్కటే చిరునామా. లైన్ దొరుకుడే కష్టం. అందరియి రాసి పెట్టుకుంట, లైన్ కలిసినప్పుడు అన్నీ ఒక్కసారే ఇడుస్త. ఉన్నది ఒక్క బస్సయితే ఊరంత అండ్లనే ఎక్కరా? గట్లనే."

ఫోల్డర్‌లో మిగిలిన ఏడు దరఖాస్తులూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటిని అచ్చు తీసి సంచాలకుల వద్దకు వెళ్లాను. "గడువు ముగిసింది కదా?" అన్నారు ఆయన. లాగ్ ముందుంచి, "గడువుకు ముందురోజే వచ్చాయి. వాటిని ఆపింది నా నియమం" అన్నాను. ఆయన తేదీ చూశారు, సమయం చూశారు, సంతకం చేశారు. ఏడు పేర్లు చేర్చిన జాబితా పదకొండూ యాభై రెండుకు ఢిల్లీకి చేరింది.

పదో ఉత్తరం దగ్గరే జల్లెడ పడిందని నేను చెప్పాక, అనసూయ కొత్త జాబితాలో తన పేరు మీద వేలు పెట్టి నవ్వారు. "ఆ దినం లక్ష్మమ్మకు చెప్పులు దొరకక ఆలస్యమైతే, నేనే పదోదాన్నయ్యేటిదాన్ని. అప్పుడు గీ లొల్లి ఆమెదయ్యేది!"

నా లెక్కలో తప్పు లేదు; పదిహేడు పదిహేడే. ఒక చిరునామా వెనుక ఒక్క మనిషే ఉంటాడనుకోవడమే తప్పు. ఆ రోజే బూత్‌ల చిరునామాలు సేకరించి, వాటికి ఆ నియమం వర్తించకుండా చేశాను. నెలవారీ నివేదికలో ఆగిన స్పామ్ సంఖ్య పక్కన "పొరపాటున ఆగిన మంచి ఉత్తరాలు" అని మరో గడి గీశాను. పదవీ విరమణ వరకు ఆ గడిలో సున్నా వేసే ముందు ప్రతిసారీ ఫోల్డర్ తెరిచి, ఒక్కొక్క ఉత్తరాన్నీ కళ్లతో చదివాను.