చేతికందే దేవుడు

మా మేనమామ సూర్యారావుగారు పరమపదించారని సోమవారం ఉదయం అంబాజీపేట నుంచి కబురొచ్చింది. నమ్మలేక ఆయన ఇంటికే ఫోన్ చేసి, ఆయననే పిలవమన్నాను. ఆ దిగ్భ్రాంతి తగ్గకముందే సంతాపసభ కార్డు చేతికొచ్చింది. అందులో అధ్యక్షుడి పేరు చూశాక నా దుఃఖం కాస్తా కోపమైంది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

మావయ్యగారి వృత్తి కొబ్బరికాయల వ్యాపారం, ప్రవృత్తి జానపద నవలారచన. కొట్టులో కాయల రాశుల మధ్య కూర్చుని ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని. ఆయన ఆఖరి నవల పద్మద్వీపమనే కల్పితలోకంలో జరుగుతుంది. అక్కడ రెండు మతాలు. లోపలివారికి దైవం సర్వాంతర్యామి. ఒండ్రులో, తెడ్డులో, ఉప్పుకల్లులో ఉంటాడు. కొమ్మ విరవాలన్నా ఆయన అనుమతి అడగాలి. ఆవలివారికి దైవం సర్వాతీతుడు. ఏడాకాశాలకు అవతలి ఆ దైవానికి గుడి కట్టినా, గర్భాలయాన్ని ఖాళీగా ఉంచి తాళం వేస్తారు.

కాయలు వలిచే సత్తిబాబు ఈ కథ విని, కాయలో కూడా దేవుడుంటే తాను వలవడం పాపం కాదా అని అడిగాడు. "వలిచేవాడిలోనూ ఉన్నాడు కదరా. ఆయనకి ఆకలేస్తుంది, కానియ్" అన్నారు మావయ్యగారు. సత్తిబాబు "ఆయ్" అని కాయకు దణ్ణం పెట్టి మళ్లీ పనిలో పడ్డాడు.

అలాగని ఆయన పక్షపాతి కారు. పదునైన వాదం ఆవలివారికే ఇచ్చారు. మునిగేవాడితోపాటు తానూ మునిగే దేవుడు ఎవరిని ఒడ్డుకు చేరుస్తాడని వాళ్లు అడుగుతారు. దానికి జవాబు దొరక్క నవల చాలాకాలం ఆగిపోయింది.

ఇంతలో తుఫాను వచ్చింది. పొంగిన నీటిలో మా అత్తయ్యగారు కొట్టుకుపోయారు. పరామర్శకు వచ్చినవారంతా పైవాడి లీల అన్నారు. వాళ్లు వెళ్లాక మావయ్యగారు నాతో, "పైనెక్కడో ఉన్నోడైతే నేనెవరితో దెబ్బలాడనమ్మా? ఇక్కడే ఉండాలి" అన్నారు. నవల ముగింపు ఆ మాటలోంచే పుట్టింది.

ఆ ముగింపును చంపినవాడు నవలను సీరియల్‌గా వేసిన వారపత్రిక సంపాదకుడు. నవలలో భర్తను ఏట్లో పోగొట్టుకున్న పడవమనిషి మేఘవతి చేత ఆవలివారి గుడిమెట్లు ఎక్కించాడు. తాళం ముందు సాష్టాంగపడి ఏటిని క్షమించినట్టు తానే రాసి, మావయ్యగారి పేరుతో అచ్చేశాడు. మేమిద్దరం వెళ్లి అడిగితే, "పాఠకులకి శాంతి కావాలండీ. మీ బాధ ఎవరిక్కావాలి?" అని నవ్వాడు. మావయ్యగారు లేచి బయటికి నడిచారు. తర్వాత బతికినన్నాళ్లూ రాసుకోమని నాకు ఒక్క వాక్యం చెప్పలేదు.

రేపు సభాధ్యక్షుడిగా మావయ్యగారి పటానికి దండ వేయబోయేది ఆ పెద్దమనిషే. వేయనివ్వండి. నేను ముందువరసలో కూర్చుంటాను. ఆ సంపాదకుడు శాంతి గురించి ఉపన్యాసం ఎత్తుకోగానే లేచి, అసలు ముగింపు చెబుతాను. మైకు ఆపితే నా గొంతు చాలు. సభకు రాలేనివారి కోసం ఇక్కడా చెబుతున్నాను.

మేఘవతి గుడిమెట్లు ఎక్కలేదు. నడుంలోతు ఏట్లోకి దిగి రెండు చేతులతో నీళ్లను కొట్టింది, నోరారా తిట్టింది. ఆవలివారి పూజారి ఒడ్డున నిలబడి, ఒడ్డుకు చేర్చగల దేవుణ్ణి తలుచుకోమన్నాడు. "నన్ను చేర్చమని ఎవరడిగారు? నా మొగుణ్ణి పట్టుకుపోయినవాడు నా చేతికందాలి" అంది. నవల అక్కడ అయిపోతుంది. అందులో క్షమాపణ లేదు. నా దగ్గరా లేదు.

మావయ్యగారూ, దేవుడితో ఎదురుగా నిలబడి తగువాడిన మీలాంటి రచయిత మా కోనసీమకు మళ్లీ దొరకడు. మీ పాదాలకు నమస్కారం. మీ ఆత్మకు శాంతి కలగాలని రేపు అందరూ అంటారు. నేను అనను. ఎక్కడున్నా సరే, అత్తయ్యగారి లెక్క తేలేదాకా ఆ దేవుణ్ణి వదలకండి.