బావినీళ్ళ తీర్థం

నీళ్ళు తాగమని పిల్లల వెంట చెంబుతో తిరిగే తల్లుల్ని చూస్తే నాకు ఒకటే చెప్పాలనిపిస్తుంది: బతిమాలకండమ్మా, మా అవ్వ దగ్గర నేర్చుకోండి!

యాభైల నాటి మాట. ఓర్వకల్లు పక్కన మా పల్లెలో ఎండాకాలం వచ్చిందంటే మంచినీళ్ళ బావి ఎండిపోయేది. మిగిలేది ఉప్పునీళ్ళ బావే. మేమంతా ముక్కు మూసుకుని తాగేవాళ్ళం. మా చెల్లి మాత్రం గుటక వేసేది కాదు. నాలుగేళ్ళ పిల్లకు నలభై ఏళ్ళ మొండితనం! ఒకరోజు ఎండలో ఆడి ఆడి వచ్చి పడిపోయింది. ఒళ్ళు పెనం మాదిరి కాలుతోంది, పెదాలు పగిలాయి, పొద్దుటినుంచి ఒంటికి పోలేదు. చూసిన వైద్యుడు, నీళ్ళు కడుపులోకి పోతే పిల్ల దక్కుతుంది, లేకుంటే నా చేతిలో ఏమీ లేదు అనేసి వెళ్ళాడు.

అమ్మ బతిమాలింది, బెదిరించింది, చివరికి ముక్కు మూసి పోసింది. చెల్లి అంతా అమ్మ మొహాన్నే ఉమ్మేసింది. నాకైతే దాన్ని రెండు పీకాలనిపించింది, అంత భయమేసింది.

అప్పుడు అవ్వ దేవుని గూట్లోంచి మహానంది తీర్థం తీసింది. శివరాత్రికి పోయినప్పుడు కోనేట్లో ముంచుకొచ్చిన చిన్న రాగిచెంబెడు నీళ్ళు. మా ఇంట్లో తీర్థం వద్దనడమన్నది లేదు. చెయ్యి చాపాలి, జుర్రాలి, తడిచెయ్యి తలకు రాసుకోవాలి. నడక రాకముందే మాకది వచ్చు. ఉద్ధరిణి చప్పుడు వినగానే చెల్లి, కళ్ళు కూడా తెరవకుండా, కుడి అరచెయ్యి గుంట చేసి చాపింది! అవ్వ పొయ్యగానే జుర్రేసింది.

"తాగింది అత్తా! తాగింది!" అని అమ్మ అరిచింది.

అవ్వ పోస్తోంది, అది జుర్రుతోంది, నేను గంతులే గంతులు. అంతలో చెంబు అడుగంటింది. అవ్వ లేచి వంటింట్లోకి పోయింది, నేనూ వెనకే పోయాను. తీర్థం చుక్క కిందపడితే కొంగుతో అద్ది కళ్ళకు ఒత్తుకునే మనిషి, ఆ చెంబును తీసుకుపోయి ఉప్పునీళ్ళ కుండలో ముంచింది! నన్ను చూసి, "నోరు మూసుకోమే. పాపం తగిల్తే నాకు తగలనీ," అంది.

మొదటి ఉద్ధరిణికే చెల్లి మొహం చిట్లించింది. "అవ్వా, ఉప్పుగా ఉండాది."

"దేవుడు గూడా ఈ ఊర్లోనే ఉండాడు గదా, ఈ నీళ్ళే తాగుతాండాడు. నువ్వేమన్నా ఆయప్ప కంటే గొప్పదానివా? పట్టు చెయ్యి."

పట్టింది! చెంబు మీద చెంబు ఖాళీ అయింది.

దీపాలు పెట్టే వేళకు అమ్మ ఒళ్ళో పడుకున్న చెల్లి కదిలింది. అమ్మ ఉలిక్కిపడి కిందికి చూసుకుంది. చీర తడిసిపోయింది. ఇంకోరోజైతే చెల్లి వీపు విమానం మోత మోగేది. ఆరోజు అమ్మ, "పోసింది అత్తా, నా బిడ్డ ఉచ్చ పోసింది!" అని వీధంతా వినబడేలా అరిచి, చీర మార్చుకోమన్నా లేవకుండా, ఆ తడిలోనే కూచుని ఏడుస్తూ నవ్వింది.