తేటగా వచ్చిన రోజు కూడా

ఈ ఉదయం నల్లా తిప్పగానే బ్లీచింగ్ వాసన గుప్పుమంది. మా బోరబండ వీధిలో అందరూ ముక్కు చిట్లించే ఆ వాసన నాకు ఇష్టం. అది తగిలినప్పుడల్లా సులోచన మేడమ్ గుర్తొస్తారు.

ఆమె సినిమాల్లో చాలాకాలం ఎడిటింగ్ అసిస్టెంటుగా చేసి మానేశారు. ఫిల్మ్‌నగర్‌లో తెలిసినవాళ్ల డబ్బింగ్ గదిని అడిగి తీసుకుని, ఆదివారాలు చర్చి నుంచి నేరుగా అక్కడికి వచ్చి మాలాంటి పదిమందికి పాఠం చెప్పేవారు. మన వీధి కష్టాన్ని మన ఫోనుతోనే వార్తగా ఎలా చేయాలి, ఆన్‌లైన్‌లో పెట్టి అధికారులను ఎలా కదిలించాలి అన్నదే ఆ పాఠం. నేను దగ్గర్లోనే సినిమా దుస్తులు కుట్టే షాపులో పనిచేసేదాన్ని. బడి చదువు పదో తరగతితో ఆగినా, గ్రంథాలయంలో పత్రికారచన మీద ఉన్న రెండు పుస్తకాలనూ రెండేసిసార్లు చదివాను. మొదటిరోజు ఆమె వార్త అంటే ఏమిటని అడగ్గానే లేచి నిలబడి పుస్తకంలోని నిర్వచనం మొత్తం అప్పజెప్పాను.

“బాగా చదివారండీ. మరి మీ వీధిలో కుళాయి ఎన్నింటికొస్తుంది?” అన్నారు.

“పొద్దుగాల్నే వస్తది మేడమ్.”

“పొద్దుగాల్నే అంటే?”

నాకు తెలియదు. మర్నాడే చూసి రాసుకున్నాను. ఐదు నలభై.

అప్పట్లో మా నల్లాలో మొదటి పది నిమిషాలు మురుగు వాసనతో నల్లటి నీళ్లు వచ్చేవి. పక్కింటి యాదమ్మ కోడలు వాంతులు, విరేచనాలతో వారం మంచాన పడింది. వీడియో తీద్దామనుకున్న రోజు నేను ఆలస్యంగా లేచాను. అప్పటికే నీళ్లు తేటపడ్డాయి. యాదమ్మ తెల్లవారుజామున పట్టిన మురికినీళ్లు బిందెలో ఉన్నాయి. కుట్టిన దుస్తులు ఇవ్వడానికి రోజూ షూటింగుల మధ్య తిరిగేదాన్ని కదా, నాకు అది తప్పనిపించలేదు. “అక్కా, ఆ నీళ్లు బకెట్ల పోసి నల్లా కింద పెట్టు. ఇప్పుడే పడుతున్నట్టు చెయ్యి” అన్నాను.

“నన్ను హీరోయిన్ని చేస్తవా ఏంది?” అని నవ్వుతూనే యాదమ్మ కొంగు సర్దుకుంది.

ఆ వీడియోతో నీళ్ల శాఖకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. చాలామంది దాన్ని పంచుకున్నారు. రెండోరోజు నీళ్ల శాఖ ఇంజనీరు వచ్చి, ఫోనులో ఆ వీడియో నా ముందే పెట్టాడు. “నల్లాలకెళ్లి పడే ధార తేటగున్నది, బకెట్ల నీళ్లు నల్లగున్నయ్. నువ్వు ఫిల్మ్‌నగర్‌ల పనిచేస్తవట గదమ్మా. మంచిగనే తీసినవ్ సినిమా” అని వెళ్లిపోయాడు. ఆ పూటే మా ఫిర్యాదు మూసేశారు.

ఆదివారం సులోచన మేడమ్ ఆ వీడియోను రెండుసార్లు చూశారు. ఆ నీళ్లు మా నల్లావే, నేను అబద్ధమాడలేదని వాదించాను.

“నీళ్లు నిజమేనమ్మా. షాట్ అబద్ధం” అన్నారు. “ఈ ఊళ్లో వర్షం కూడా ట్యాంకర్లోంచి కురిపిస్తాం. నా జన్మంతా అలాంటివి అతికాను. ఎక్కడ అతికారో చూసేవాడికి తెలిసిపోతే ఇక ఏదీ నమ్మడు. ముందు తప్పు ఒప్పుకుంటూ ఆన్‌లైన్‌లో పెట్టండి.”

ఆ రాత్రే పెట్టాను. ఎగతాళి చేసినవాళ్లు చేశారు. ఆ తర్వాత రెండు వారాలు, నీళ్లు వచ్చిన ప్రతిరోజూ ముందు గడియారం, తర్వాత మా గల్లీ బోర్డు, ఆపైన నల్లా, ఎక్కడా కట్ చేయకుండా తీశాను. మధ్యలో రెండు రోజులు మొదటి నుంచే తేటగా వచ్చాయి. అవి పెట్టనా అని ఫోన్ చేశాను.

“తేటగా వచ్చిన రోజు కూడా పెట్టాలి. అదే ముందు పెట్టండి” అన్నారు.

ఒకరోజు మొదటి బస్సుకి ఆమే వచ్చి యాదమ్మ గడప మీద కూర్చుని, టీ తాగుతూ యాదమ్మ నీళ్లు పట్టేది, నేను తీసేది చూశారు. పోతూ పోతూ యాదమ్మతో, “ఈసారి నటించలేదు మీరు, బాగా చేశారు” అన్నారు.

మూడోవారం అదే ఇంజనీరు ఐదున్నరకే మా నల్లా ముందు నిలబడ్డాడు. “మంచి నీళ్లొచ్చిన దినాలు గుడ పెట్టిన్రు. అందుకే జర చూద్దామని వచ్చిన” అన్నాడు. ఆ రోజు నల్లటి నీళ్లే వచ్చాయి. రోడ్డు తవ్వితే మురుగు మోరీ పక్కన పగిలిన పైపు బయటపడింది. దాన్ని మార్చాక నల్లాలో మురుగు వాసన పోయి ఈ బ్లీచింగ్ వాసన మొదలైంది.

మేడమ్ ఇప్పుడు కాకినాడలో చెల్లెలి దగ్గర ఉంటున్నారు. ఆదివారాలు ఆ డబ్బింగ్ గదిలో పాఠం నేను చెబుతున్నాను. పుస్తకంలోని నిర్వచనం ఇప్పటికీ ఇష్టంగానే చెబుతాను, కాకపోతే రెండో గంటలో. మొదటి గంటంతా నల్లా ఎన్నింటికొస్తుందన్న ప్రశ్నకే సరిపోతుంది.

ఇవాళ బ్లీచింగ్ వాసన వచ్చాక బిందె కింద పెట్టి, గోడకు వేలాడే నోట్‌బుక్ అందుకున్నాను. ఐదు నలభై రెండు. తేట.