ఓర్ఫా టీచర్ రాసిన నియమం

అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని మా ఊరికి ఓర్ఫా విట్కమ్ వచ్చేనాటికి ఆడపిల్లల చదువు ఆరో తరగతితో ఆగిపోయేది. ఆమె గుర్రాలశాల మీది గదిలో మా పదకొండు మంది ఆడపిల్లలతో బడి పెట్టింది. ఆ రోజుల్లో పెళ్లయిన ఆడది టీచరుగా ఉండకూడదు కాబట్టి పెళ్లి మానుకుంది. మేం పెద్దవాళ్లమై సంసారాల్లో పడ్డాక, మళ్లీ పుస్తకాలు చదివించడానికి గురువారం క్లబ్బు పెట్టింది. బడికి కొత్త టీచరును క్లబ్బు సభ్యుల్లోంచే తీసుకోవాలని నియమం రాసింది.

సభ్యత్వానికి చిక్కుడుగింజలతో ఓటు. ఒక్కొక్కరికి ఒక తెల్లగింజ, ఒక నల్లగింజ. సమ్మతమైతే తెల్లది పెట్టెలో వేయాలి. ఒక్క నల్లగింజ పడినా ఏడాదిపాటు ఆ పేరు ఎత్తకూడదు. ఎవరు వేశారని అడగకూడదు. అదీ ఆమె నియమమే. "మొహమాటం లేకుండా కాదనే చోటు ఆడవాళ్లకు ఒక్కటైనా ఉండాలి" అనేది.

బడికి ముప్ఫై ఒక్క ఏళ్లు నిండేసరికి ఆమె కళ్లలో శుక్లాలు ముదిరాయి. పాఠాలన్నీ కంఠతా వచ్చు కనుక పిల్లలు పసిగట్టలేదు. క్లబ్బు కార్యదర్శిని కాబట్టి నాతో మాత్రం అంది: "డెల్లా, వేసవి తర్వాత నావల్ల కాదు. హుల్డా రావాలి. లేకపోతే స్కూలు బోర్డువాళ్లు బడికి తాళం వేస్తారు."

హుల్డా ఆమె దగ్గర చదువుకున్న పిల్లే, ఇంకా పెళ్లి కాలేదు. తల్లి స్వీడన్ నుంచి వచ్చి ఊళ్లోవాళ్ల బట్టలుతికేది.

"మా దుప్పట్లు మోసిన పిల్ల పక్కన కూర్చుని టీ తాగాలా?" అంది సభ్యురాలు లొవీసా, క్లబ్బులో ఆ పేరు ఎత్తగానే.

"నీ దుప్పట్లు చూసి కూడా నీ పక్కన కూర్చుంటానంటోంది. సంతోషించవే" అంది టీచర్. లొవీసాతో సహా అందరం నవ్వాం.

గింజలు పంచాను. టీచర్ రెండింటినీ వేళ్లతో తడిమి, కాసేపు కిటికీ వైపు ఎత్తి పట్టుకుని, ఒకటి పెట్టెలో వేసింది. పక్కనే ఉన్న నేను చూశాను. అది నల్లది.

పెట్టె బోర్లిస్తే పదమూడు తెల్లవి, ఒకటి నల్లది. నిజం చెబితే ఆమె గుడ్డితనం పద్నాలుగు మంది మధ్య బయటపడుతుంది. ఏడాదేగా, ఎలాగో నెట్టుకొస్తుందిలే అనుకున్నాను. లెక్క చదివి ఊరుకున్నాను.

"నేను తెల్లదే వేశాను" అంది లొవీసా, ఎవరూ అడక్కుండానే.

ఏప్రిల్‌లో మెట్ల మీద పడి టీచర్ తుంటి ఎముక విరిగింది. జూన్‌లో బోర్డు తాళం వేసింది. హుల్డా ఒమాహాలో టోపీలు కుట్టే పనికి వెళ్లిపోయింది. టీచర్‌ను చూడటానికి మేం వెళితే, ఒక్కొక్కరి గొంతూ విని తల తిప్పుకునేది.

నెబ్రాస్కా నుంచి ఆమె తమ్ముడు వచ్చి తీసుకెళ్లే రోజు స్టేషన్‌కు నేనొక్కదాన్నే వెళ్లాను. నా చెయ్యి పట్టుకుంది.

"నా నియమం నేనే తప్పుతున్నాను డెల్లా. ఎవరు వేశారు? లొవీసాయేనా?"

"కాదు టీచర్‌గారూ."

"మరెవరు?"

మీరేనని అనలేకపోయాను. "నేనే" అన్నాను.

చెయ్యి వెనక్కి తీసుకుంది. రైలుపెట్టె మెట్టు కోసం కాలితో వెతుక్కుంటుంటే పట్టుకోబోయాను.

"వద్దు" అంది.