ఎస్తేరమ్మ సాకిన బాతుపిల్లలు

గద్వాల పక్క గట్టు మండలంలో బాతులు సాకుదామనుకున్న మనిషి బహుశా ఎస్తేరమ్మ ఒక్కతే అయ్యుంటుంది. అక్కడి సంగతి తెలిసినవాళ్లకు ఈ మాట వింటేనే నవ్వొస్తుంది. తాగే నీళ్లకే బిందెలు వరుస పెట్టే ఊళ్లలో బాతులేమిటి, వాటికి ఈతేమిటి? కానీ రెండువేల తొమ్మిది అక్టోబరులో వాన పట్టుకున్న పట్టు అలాంటిది. కింద తుంగభద్ర పొంగి అలంపూర్ మునిగింది. పైన మెట్ట ఊళ్లలో మట్టిగోడలు నాని కూలాయి. పీకి కుప్పలేసిన పల్లిచెట్లు కుప్పల్లోనే తడిసి ముద్దయ్యాయి. ఊరి వెనక కుంట, ఎన్నో ఏళ్లుగా మేకలు పడుకోవడానికి తప్ప దేనికీ పనికిరాని కుంట, కట్ట అంచుదాకా నిండింది. ఆ నీళ్లు చూశాకే ఎస్తేరమ్మకు బాతుల మీద మనసు పోయింది.

సరదాకు కాదు లెండి. ఆమె చంకలో మనవరాలు ఉంది. పేరు దీవెన, ఏడాది దాటిన పిల్ల. తల్లి రేణుక, అంటే ఎస్తేరమ్మ కూతురు, మొగుడితో కలిసి పూణేలో బిల్డింగు పనికి పోయింది. అంతకుముందు మొదటి బిడ్డను అక్కడికే వెంట తీసుకుపోయి రేకుల గుడిసెలో జ్వరానికి పోగొట్టుకుంది. అందుకే ఈసారి ఎస్తేరమ్మ బస్సు దగ్గర అడ్డం నిలబడింది.

"దీన్ని నా చేతిల పెట్టి పో. నేను సాకుత. నువ్వొచ్చేటాల్లకు ఉరుకుతుంటది సూడు," అంది.

రేణుక పిల్లను ఇచ్చింది గానీ, బస్సెక్కి కూర్చున్నాక కూడా కిటికీలోంచి చెయ్యి చాపి పిల్ల కాలు పట్టుకునే ఉంది. కండక్టరు కసురుకున్నాక వదిలింది.

ఎస్తేరమ్మ అంత ధైర్యంగా సాకుతానని అనడంలో తప్పేం లేదు. ఊళ్లో ఆమె చేతికి పేరుంది. తల్లి తన్నేసిన గొర్రెపిల్లను తెచ్చి ఆమెకే ఇచ్చేవాళ్లు. గద్ద గోరు తగిలిన కోడిపిల్లకు పసుపు పెట్టి, కుంపటి పక్కన గంపకింద మూసి, వారానికల్లా వాకిట్లో తిప్పేది. నోరు మాత్రం నిప్పు. సాకడం చేతకాని వాళ్లంటే ఆమెకు ఒళ్లుమంట. "కన్నరు గదా, తిండి పెట్టనీకె ఏం రోగం?" అని ఎవరి మొహం మీదైనా అనేది. పెడితే ఏ ప్రాణమైనా పెరుగుతుంది, పెట్టకపోతే పోతుంది. ఆమెకు తెలిసిన వైద్యమంతా అదే.

గద్వాలలో ఒక సేటు గోదాములో ఆమెకు పల్లీలు ఏరే పని. ఆడవాళ్లు చేటలు ముందేసుకుని కూర్చుంటారు. నిండు గింజ ఒక పక్కకు, నల్లబడిందీ ముడుచుకుందీ ఇంకో పక్కకు. మంచివి బస్తాల్లో బయటి ఊళ్లకు పోతాయి. మిగిలిన ఏరుడు పల్లీలు కొన్ని నూనె మిల్లుకు పోతే, పొద్దుగూకి పోయేటప్పుడు ఒక్కొక్కరు ఒక ఒడి పట్టుకుపోవచ్చు. ఎప్పటినుంచో ఉన్న వాడుక అది. కూలికి లెక్కలోకి రాదు, సేటు దయ కింద లెక్క. ఆ ఏడు కుప్పల్లో తడిసిన పంట కదా, ఏరుడే ఎక్కువ పడింది. సేటు కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు. ఎస్తేరమ్మ రోజూ కొంగు బరువుగా ఇల్లు చేరేది. బూజు వాసన వస్తే ఏమైంది? ఉప్పునీళ్లలో కడిగి, ఎండలో పోసి, ఇసకలో వేయిస్తే ఆ వాసన ఎటు పోయేదో పోయేది. చేదు మిగిలితే బెల్లం ఉంది.

ఆ పల్లీలూ బెల్లమూ రోట్లో దంచి, ముద్ద చేసి, తను బాగా నమిలి, ఆ మెత్తటి గుజ్జును వేలితో దీవెన నోట్లో పెట్టేది. రేణుకను అలాగే సాకింది. తనను తన తల్లి కూడా అలాగే సాకింది. పిల్ల నోరు తెరుచుకుని ఎదురుచూస్తుంటే ఎస్తేరమ్మకు ఆ పూటకు పడ్డ కష్టమంతా మరుపున పడేది.

ఒకరోజు గోదాములో పక్కన కూర్చున్న వెంకటమ్మ ఆమె ఒళ్లోని దీవెనను చూసి, "ఏందక్కా, జర సన్నబడ్డట్టుంది. బాతుగుడ్లు పెట్టు. కోడిగుడ్డుకంటె మస్తు బలమంట," అంది. ఆ మాట ఎస్తేరమ్మకు ముల్లులా గుచ్చుకుంది. పట్టుదల కూడా పుట్టింది. గద్వాల దారిలో కాలవ కింది మళ్ల దగ్గర బాతుల మందను దింపుకున్న బాలయ్య అనే నెల్లూరాయన ఉన్నాడని విని, తిరుగుదారిలో పోయి గంపెడు పిల్లలను తెచ్చుకుంది. పచ్చగా, మెత్తగా, అరచేతిలో పట్టేంత ఉన్నాయి.

"ఏమీ పెట్టకపోయినా పర్వాలేదమ్మా. కాస్త తవుడు పెట్టి నీళ్లలోకి వదిలేయండి, నత్తలూ పురుగులూ అవే ఏరుకుంటాయి," అన్నాడు బాలయ్య.

ఎస్తేరమ్మ అతని ముందు తలూపింది గానీ దారిపొడుగునా తిట్టుకుంది. పెట్టకుండా సాకుతాడంట, పెద్ద మనిషి. తన ఇంటికొచ్చిన ప్రాణం పురుగులు ఏరుకు తింటుందా? మర్నాటి నుంచి ఏరుడు పల్లీలు దంచి, తవుడులో కలిపి, పొద్దునొక ముద్ద, మాపున ఒక ముద్ద పెట్టింది. కుంటకు తోలేముందు కూడా కడుపునిండా పెట్టి తోలేది. ఊళ్లోవాళ్లు కట్టమీద నిలబడి వేడుక చూశారు. ఆమె మొగుడు శాంతయ్య, మాట తక్కువ మనిషి, ఆయన కూడా రెండు పూటలు వచ్చి చూసి నవ్వుకున్నాడు.

నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. కాలవ దగ్గర మందలో అదే ఈడు పిల్లలకు ఈకలొచ్చి, రెక్కలు విప్పి, మెడలు సాగాయి. ఎస్తేరమ్మవి మాత్రం తెచ్చినప్పుడు ఎంతున్నాయో ఇంచుమించు అంతే. ఒంటిమీద ఆ పచ్చటి నూగే మాసిపోయి అతుక్కుపోయింది. కాళ్లు నీలం తిరిగాయి. నడిస్తే ఒకపక్కకు ఒరిగి కుంటేవి. నీళ్లలో దిగితే ఈదలేక ఒడ్డునే ముడుచుకునేవి. ఎస్తేరమ్మ బెదిరింది. బెదిరితే ఆమె చేసేది ఒకటే, ఇంకో ముద్ద ఎక్కువ పెట్టడం.

పిల్ల సంగతీ అలాగే ఉంది. గోడ పట్టుకుని లేవడం నేర్చిన దీవెన మళ్లీ కూర్చోవడానికే వచ్చింది. కాళ్లూ చేతులూ పుల్లలు, కడుపు మాత్రం ముందుకు పొడుచుకొచ్చింది. పాస్టరు వచ్చి తలమీద నూనె రాసి ప్రార్థన చేశాడు. ఆయన గడప దాటగానే ఎస్తేరమ్మ మిరపకాయలు దిగదుడిచి పొయ్యిలో వేసింది. యేసయ్య ఏమీ అనుకోడని ఆమె నమ్మకం. ఆదివారం ఆదివారం రేణుక ఫోను చేసేది, ఇంటి పక్క తిమ్మప్ప సెల్లుకు. "బిడ్డ ఎట్లుందమ్మా?" అంటే, "దానికేంది, మస్తుగుంది. ఎత్తుకుంటె నడుం పడిపోతుంది నాకు," అనేది. ఆ మాట అంటున్నప్పుడు పిల్లను చంకలోంచి దించి కింద కూర్చోబెట్టేది. ఎందుకో ఎత్తుకుని అనబుద్ధయ్యేది కాదు.

బాతుపిల్లలు చావడం మొదలైంది. తలలు వెనక్కి విరుచుకుని, కాళ్లు కొట్టుకుని పోయాయి. ఎస్తేరమ్మ ఆగ్రహం పట్టలేక పోయి తిమ్మప్ప మీద పడింది. కుంట పైన ఆయనకు విత్తనపత్తి చేను ఉంది.

"నువ్వు కొట్టిన మందే కుంటల కలిసింది. నా పిల్లల్ని నువ్వే సంపినవ్ తిమ్మప్పన్నా," అంది, నలుగురూ వినేలా.

తిమ్మప్ప కోప్పడలేదు. "నా కోళ్లు గూడ గా నీళ్లే తాగుతున్నయి ఎస్తేరమ్మా. గవి మంచిగనే ఉన్నయి గద. ఉత్తగ నన్నెందుకంటవ్? గద్వాల పశువుల దవాఖానకు కొంచవోయి సూపియ్యి," అన్నాడు.

మర్నాడు పొద్దున చచ్చిన పిల్లనొకదాన్ని గుడ్డలో చుట్టుకుని, దీవెనను చంకనెత్తుకుని, బస్సెక్కింది. దారిలో పిల్ల ఏడవకుండా పల్లిముద్ద ఒకటి దాని చేతికిచ్చింది.

పశువుల దవాఖానలో సుదర్శన్ అనే కాంపౌండరు ఉన్నాడు. ఓపిక గల మనిషి. బాతుపిల్లను బండమీద పడేసి కడుపు కోశాడు. కాలేయం ఉబ్బి, పాలిపోయి, ఇంత చిన్న ఒంట్లో అంత పెద్దదిగా కనిపించింది. "ఏం పెడుతున్నవ్ అవ్వా వీటికి?" అన్నాడు.

ఎస్తేరమ్మ కాస్త గర్వంగానే చెప్పింది. "తవుడు పెడత. దాంట్ల పల్లీలు గూడ దంచి పెడత సారూ. ఎవ్వరు పెడ్తరు బాతులకు పల్లీలు?"

"యాడివి పల్లీలు?"

"ఏరుడువి. కడిగి ఏంచినవే."

"ఈ ఏడు తడిసినవి గదా. బూజు పట్టినయి గదా." అతను కత్తి పక్కన పెట్టాడు. "ఆ బూజుల విషం ఉంటది అవ్వా. కడిగినా పోదు, ఏంచినా పోదు. బర్రెకు పెడితే పాలు తగ్గుతయి. కోడి గింత తట్టుకుంటది. బాతుపిల్ల అస్సలు తట్టుకోదు. కాలేయం పాడై ఎదగదు. నువ్వు ఎక్కువ పెట్టే కొద్దీ..." అంటూ తలెత్తినవాడు అక్కడే ఆగిపోయాడు. అతని చూపు దీవెన చేతి మీద పడింది. పిల్ల ముద్దను చప్పరిస్తోంది.

"ఈ పాప ఏం తింటది?" అన్నాడు మెల్లగా.

ఎస్తేరమ్మకు అప్పుడు అర్థమైంది. పిల్ల చేతిలోంచి ముద్ద లాక్కుంది. దీవెన గుక్కపెట్టింది. నోట్లో మిగిలినదాన్ని వేలు పెట్టి తీసింది. పిల్ల ఆ వేలిని చప్పరించడానికే చూసింది. సుదర్శన్ వాళ్లను తనే వెంటబెట్టుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మ పిల్ల కడుపు మీద చేత్తో నొక్కి చూసి, కాలేయం వాచిందంది. ఆ తిండి ఇవాళే మానెయ్యమంది. పప్పు, పాలు, గుడ్డు పెట్టి, వారం వారం తీసుకురమ్మంది. "నయమైతదా అమ్మా?" అంటే, చిన్నపిల్ల కదా, కోలుకోవచ్చు, ఇప్పుడే ఏమీ చెప్పలేనంది.

ఇంటికొచ్చి, డబ్బాల్లో ఉన్నవీ గంపలో ఉన్నవీ పల్లీలన్నీ శాంతయ్య చేత గుంత తీయించి పూడ్పించింది. మిగిలిన బాతుపిల్లలు గుంత చుట్టూ చేరి మట్టిలో ముక్కులు పెట్టాయి. పప్పునీళ్లు కలిపిన అన్నం మెదిపి పెడితే దీవెన ఉమ్మేసింది. పాక్కుంటూ ఒళ్లోకొచ్చి, అవ్వ పెదవులు వేళ్లతో విప్పి, లోపల నమిలిన ముద్ద ఉందేమోనని వెతికింది. ఎస్తేరమ్మ పళ్లు బిగించి మొహం తిప్పుకుంది. ఎన్ని ప్రాణాలను సాకిందో ఆ నోటితోనే, ఆ చేతితోనే. ఇప్పుడు ఆ రెండింటినీ ఎక్కడ దాచుకోవాలో ఆమెకు తెలియలేదు.

ఆదివారం తిమ్మప్ప సెల్లు పట్టుకుని తనే వచ్చాడు. జరిగిన గొడవ ఎత్తలేదు. "రేణుక," అని చేతికిచ్చి, అరుగు చివరకు పోయి కూర్చున్నాడు.

"బిడ్డ ఎట్లుందమ్మా?"

"బాగలేదు."

ఎస్తేరమ్మ ఆగకుండా చెప్పేసింది. "నేనే జేసిన రేణుకా. గోదాము కాడి ఏరుడు పల్లీలు పెట్టిన. బూజు పట్టినయి. విషమంట, నాకు తెల్వదు. నమిలి నమిలి పెట్టిన. ఎదగకపోతె ఇంక జర ఎక్కువ పెట్టిన. కాలేయం వాసిందన్నరు. బాగుందని నీకు అబద్ధాలు చెప్పిన. వచ్చి బిడ్డను తీస్కపో. నా చేతిల ఉంచకు."

తిట్టు పడుతుందని కాచుకుని ఉంది. కూతురు తిట్టాలనే ఆశపడింది కూడా. నువ్వూ ఒక తల్లివేనా అని రేణుక ఒక్క మాటంటే, ఆ బరువు కొంతైనా దిగేది.

రేణుక ఏడుస్తోంది. ఏడుపు దిగమింగుకుని చాలాసేపటికి అడిగింది. "నమిలి పెట్టిన్నంటవ్. అయితే నీ కడుపులకు గూడ పోయినయి గదమ్మా. డాక్టరమ్మకు నీ సంగతి చెప్పినవా?"

ఎస్తేరమ్మ నోరు తెరిచింది. నాకేమైతది, అనబోయింది. ఏ ఏడు చూసినా ఇంట్లో అందరికీ పెట్టాక తను తిన్నది ఆ ఏరుడు పల్లీలే. ఏం తింటున్నావని ఆమెను అడిగినవాళ్లు ఇన్నేళ్లలో ఎవరూ లేరు.

"చెప్పలేదా? నేను రేపు బండెక్కుత. నేనొచ్చినంక ఇద్దర్ని కలిసే తోల్కపోత దవాఖానకు," అంది రేణుక. "అందాక నువ్వు గూడ గవి ముట్టకు. ఇంటున్నవా అమ్మా?"

ఎస్తేరమ్మ వింటూనే ఉంది. ఊళ్లో నలుగురి మీదా నోరు చేసుకునే మనిషి, ఊ అని కూడా అనలేక సెల్లు చెవికి పెట్టుకుని అలాగే ఏడ్చింది.