పిస్కాటవే గరాజ్‌లో మ్హాండే ఆట

మొన్న ఇక్కడి న్యూజెర్సీ తెలుగు సంఘం నుంచి వాట్సాప్ సందేశం వచ్చింది. ఉగాది కార్యక్రమంలో ఐటమ్‌కి నాలుగు నిమిషాలు, ట్రాక్ శుక్రవారంలోగా పంపాలి, ఆ తరవాత ఎవరు బతిమాలినా వినేది లేదు. ఈ ఆఖరి ముక్క ఒకప్పుడు నేను రాసిందే. కల్చరల్ కమిటీలో ఉన్నన్నాళ్ళూ స్టాప్‌వాచ్ పట్టుకుని స్టేజి పక్కన నిలబడేదాన్ని. పిల్లల తల్లులు నన్ను చూస్తే హడలిపోయేవారు. అప్పుడు చేసిన తప్పుల్లో చాలావాటికి ఇప్పుడు నవ్వొస్తుంది. ఒక్కదానికి మాత్రం సిగ్గేస్తుంది.

అప్పట్లో మా పక్కింట్లో జింబాబ్వే నుంచి వచ్చిన ఒక నర్సు ఉండేది. నన్ను మా పెద్దవాడి పేరు పెట్టి, ఫలానావాడి అమ్మా అని పిలిచేది. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళని అలాగే పిలుస్తారట. మా గోంగూర పచ్చడీ, ఆవిడ వేరుశనగ ముద్ద కలిపి వండే ఆకుకూరా కంచె మీదుగా అటూ ఇటూ తిరిగేవి. గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, గంటసేపు వాళ్ళ ఆటల గురించి చెప్పేది. పెళ్ళీడు పిల్లల ఆట ఒకటి చూసి పాదరీలు మండిపడితే, ఊరి పెద్దలు దానికి బైబిల్లోని ఊరి పేరు తగిలించి నిక్షేపంగా ఆడుకున్నారట. వాళ్ళ అమ్మది మాత్రం మ్హాండే. కాళ్ళకి ఎండిన కాయల గుత్తులు కట్టుకుని, నేలని తడుతూ ఆడతారు. వాన కోసం అదే ఆట, పోయినవాళ్ళని ఏడాది తిరిగాక ఇంటికి పిలుచుకోవడానికీ అదే ఆట. అలా పిలిచేదాకా ఆ మనిషి బయటే తిరుగుతూ ఉంటుందని వాళ్ళ నమ్మకం.

ఆ తల్లి పోయింది. గ్రీన్‌కార్డు పేపర్లు మధ్యలో ఉండడంతో ఈవిడ వెళ్ళలేకపోయింది. ఏడాది తిరిగింది. అక్కడ చెల్లెళ్ళు ఒక శనివారం తల్లిని ఇంటికి పిలవబోతున్నారు.

"పెద్దకూతురు ఆడకపోతే అమ్మ నా కోసం చూస్తూ గుమ్మం బయటే ఆగిపోతుంది. నాకు మనుషులు కావాలి," అంది.

మనుషులేగా, ఆ శనివారమే మా ప్రోగ్రాం, హాలు నిండా జనం ఉంటారు, స్లాట్ ఇస్తానన్నాను. ఎంత సాయం చేస్తున్నానో అని మురిసిపోయాను కూడా. ట్రాక్ పంపమంటే అలాంటిదేమీ ఉండదంది. నేనే నెట్‌లో వెతికి డప్పుల మోత ఏదో కత్తిరించి పెట్టాను. ఫ్యాన్సీ డ్రెస్‌కీ లంచ్‌కీ మధ్య ఆవిణ్ణి ఇరికించాను.

లైట్లు ఆర్పారు, ట్రాక్ మొదలైంది. ఆవిడ నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఎదురుగా చీకట్లో వరసగా ఫోన్లు, అందరూ వీడియో తీస్తున్నారు.

"ఇక్కడ ఎవరూ లేరు," అంది నాకేసి తిరిగి.

నేను స్టాప్‌వాచ్ చూపించాను. దేవుడా, ఆ సమయంలో అది చూపించాను. ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

రెండో వరసలో, అప్పుడు మా దగ్గర ఉండడానికి ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య ఉంది. వరంగల్ మనిషి. నేను దగ్గరికెళ్ళగానే నిలదీసింది.

"ఆమె ఒక్కతే ఆడుతాంటే మనం కూసోని సూసుడేంది బిడ్డా? బతుకమ్మ గట్లనే ఆడుతమా?"

నా పాతికేళ్ళ కాపురంలో ఆవిడ మాట నేను మారుమాట లేకుండా విన్నది అప్పుడే. వాచీ ఎవరి చేతిలోనో పెట్టేసి, అత్తయ్యనీ ముగ్గురు స్నేహితురాళ్ళనీ వెంటబెట్టుకుని పార్కింగ్‌లోకి పరిగెత్తాను. నర్సు కార్లో కూర్చుని ఏడుస్తోంది. క్షమించమని అడిగి, ఇంటికి పదమన్నాను.

మా గరాజ్‌లోంచి కారు బయటికి తీశాం. మంచు ఎత్తే పారలూ గడ్డి కోసే మెషీనూ ఓ మూలకి నెట్టి, బకెట్ బోర్లించి డప్పు చేశాం. ఆవిడ చప్పట్లు నేర్పింది. ఒకరు కొట్టిన సందులో ఇంకొకరు కొట్టాలి. అందరికంటే ముందు పట్టుకున్నది అత్తయ్యే.

"ఎంతసేపు కొట్టాలి?" అన్నాను, అలవాటు ఎక్కడికి పోతుంది.

"అమ్మ వచ్చేదాకా."

ఆవిడ పాడింది, అర్థం తెలియకపోయినా మేమూ అన్నాం. సిమెంటు నేల మీద ఆ కాయల చప్పుడు వింటుంటే నాకు ఏడుపొచ్చింది. అరచేతులు ఎర్రగా కందిపోయాయి. ఎప్పటికో ఆవిడ ఆగి, కింద కూర్చుని, కాళ్ళ గుత్తులు విప్పుకుంది. నాతో నెమ్మదిగా ఇంగ్లీషులో ఒక మాట అంది.

"ఏమంటాంది?" అని అత్తయ్య అడిగింది.

"వాళ్ళమ్మ వచ్చిందట."

అత్తయ్య లేచి లోపలికెళ్ళి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి గరాజ్ గుమ్మం దగ్గర పెట్టింది.

అత్తయ్య వరంగల్‌లో పోయి నాలుగేళ్ళు దాటింది. పోయినప్పుడు నేను అక్కడ లేను, ఆవిణ్ణి ఇంటికి పిలిచిందీ లేదు. నర్సు ఇప్పుడు టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటోంది. ఇన్నేళ్ళయ్యాక పిలిస్తే వస్తారా అని నిన్న ఫోన్‌లో అడిగాను. పోయినవాళ్ళకి ఆలస్యమంటూ ఉండదు, ఉన్న తొందరంతా మనకేనంది.